కణితికి కొలిచి పెట్టే జ్వరం

"సార్, మా అత్తకి రేపట్నుంచి కరెంటు పెడతారంట. ఒంట్లో వేడి చేస్తదేమో, మజ్జిగ తెమ్మంటారా, బార్లీ నీళ్లు తెమ్మంటారా?"

రేడియేషన్ విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. మా పల్నాడు వైపు రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడం అంటారు. కరెంటు అన్నాక కాలకుండా ఉంటుందా అని వాళ్ల అనుమానం. "మజ్జిగ మంచిదేనమ్మా, తాగించు. కానీ దీంతో వేడి పుట్టదు" అనేవాణ్ణి. నమ్మేవాళ్లు కాదు. చర్మం కమిలి నల్లబడటం కళ్లెదుట కనబడుతుంటే ఎవరు నమ్ముతారు? లెక్క మాత్రం ఇదీ: ఒక రోజు చికిత్సలో కణితికి ఇచ్చే మోతాదు మామూలుగా 2 గ్రేలు. కిలో కండకు 2 జౌళ్ల శక్తి అన్నమాట. దాంతో ఆ కండ వేడెక్కేది ఒక డిగ్రీలో రెండు వేలో వంతు. ఒక్క గుక్క టీ తాగినా ఒంటికి అంతకంటే ఎక్కువ వేడే అందుతుంది. రేడియేషన్ కణాన్ని కాల్చదు, దాని డీఎన్‌ఏ పోగుల్ని తెంచుతుంది.

సరే, రేడియేషన్‌లో లేని ఆ వేడిని మనమే విడిగా తెచ్చి కణితికి పెడితే? అదే మోతాదు రేడియేషన్ మరింత గట్టిగా పనిచేస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ప్రయోగశాలల్లో అరవై ఏళ్లుగా తెలిసినదే. దీని పేరు హైపర్‌థెర్మియా. కణితిని 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించి, ఓ గంటసేపు అక్కడే నిలబెట్టడం, దానికి కాస్త ముందో వెనకో రేడియేషన్ ఇవ్వడం. మన ఇళ్లలో జ్వరం చూసే ఫారెన్‌హీట్ లెక్కలో 104 నుంచి 109. కణితి ఒక్కదానికే గంటసేపు గట్టి జ్వరం తెప్పిస్తారన్నమాట. ఇంత మంచి ఉపాయం ప్రతి ఆసుపత్రిలోనూ ఎందుకు లేదంటే, నా జవాబు ఒక్కటే: కొలత.

నా వృత్తి కొలతే కాబట్టి అలా అంటున్నానని మీరనుకోవచ్చు. నేను డాక్టర్ని కాను, మెడికల్ ఫిజిసిస్టుని. ఎంత మోతాదు ఇవ్వాలో డాక్టరు రాస్తారు. అది సరిగ్గా అక్కడికే, సరిగ్గా అంతే చేరేలా లెక్క కట్టడం మా పని. రేడియేషన్ యంత్రంలోని కోబాల్ట్ నెలకు ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది, అందుకే ప్రతి నెలా రోగి బల్ల మీద పడుకునే సమయం కొన్ని సెకన్లు పెంచుతాం. యంత్రం బలాన్ని కొలిచే అయాన్ ఛాంబర్‌లో ఉండేది గాలి. గది ఒక డిగ్రీ వేడెక్కితే కొలతలో వెయ్యికి మూడు పాళ్ల తేడా వస్తుంది. ఆ కాస్త తేడా కోసం థర్మామీటరు పెట్టి, గాలి ఒత్తిడి చూసి, లెక్క సవరిస్తాం. మొత్తం మీద రోగికి చేరే మోతాదులో తేడా 5 శాతం దాటకూడదన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. ఈ 5 శాతాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ముందు వేడి చేసే సాయం ఏమిటో చూద్దాం. 1 గ్రే రేడియేషన్ తగిలితే ఒక్కో కణంలో డీఎన్‌ఏ ఒంటి పోగు సుమారు వెయ్యి చోట్ల తెగుతుంది. రెండు పోగులూ ఒకేచోట తెగేది ముప్ఫై, నలభై చోట్ల. ఒంటి పోగు తెగితే కణం లెక్కచేయదు, రెండో పోగును చూసి అతికించుకుంటుంది. ప్రాణాంతకమయ్యేవి ఆ ముప్ఫై నలభైయే. వాటినీ చాలావరకు కొన్ని గంటల్లోనే మరమ్మతు చేసుకుంటుంది. ఆ మరమ్మతు చేసేవి ప్రొటీన్లు, ప్రొటీన్లకు వేడి గిట్టదు. రొమ్ము క్యాన్సర్ పరీక్షల పుణ్యమా అని బీఆర్‌సీఏ2 అనే పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఈ మరమ్మతు ముఠాలో పెద్ద మేస్త్రీ. కణాలను 41 నుంచి 42.5 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ ప్రొటీన్ విచ్ఛిన్నమైపోతుందనీ, మరమ్మతు కొన్ని గంటలు ఆగిపోతుందనీ 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. రేడియేషన్ తెంచిన పోగులు తెగినట్టే ఉండిపోతాయి. వేడి తనంతట తాను ఈ మాత్రం ఉష్ణోగ్రతకు ఎన్నో కణాలను చంపలేదు. రేడియేషన్ దెబ్బ నుంచి కణం కోలుకోకుండా అడ్డుపడుతుంది, అంతే.

రెండో సాయం ప్రాణవాయువుది. రేడియేషన్ పుట్టించిన గాయాన్ని ఆక్సిజన్ శాశ్వతం చేస్తుంది. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. ఈ సంగతి మీద జీవితం పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన లూయీ హెరాల్డ్ గ్రే, మేం మోతాదు కొలిచే గ్రే ఆయన పేరే. ఆయన, థామ్లిన్‌సన్ అనే సహచరుడు కలిసి 1955లో ఊపిరితిత్తుల కణితుల ముక్కలను మైక్రోస్కోపు కింద కొలిచారు. రక్తనాళం నుంచి మిల్లీమీటరులో ఆరేడో వంతు దూరం దాటితే కణాలు చచ్చిపోయి ఉన్నాయి. ఆ చావుకీ బతుక్కీ మధ్య అంచున, ఊపిరాడీ ఆడకుండా బతికే కణాలున్నాయి. సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు రైతుకు తెలుసు ఈ సంగతి: పైవాళ్లు తోడుకోగా మిగిలిన తడితో పైరు చావదు, పండదు. కణితిలో ఆ చివరి కణాలే రేడియేషన్‌కు లొంగకుండా మిగిలి, ఏడాది తర్వాత రోగిని మళ్లీ మా దగ్గరికి పంపేవి.

వేడికి సరిగ్గా అవే లోకువ. తిండి లేక, ఆమ్లం పేరుకుని ఉన్న కణాలు వేడికి మిగతావాటికంటే త్వరగా పడిపోతాయి. పైగా 40, 41 డిగ్రీల మెత్తని వేడికి రక్తనాళాలు వెడల్పై ఆక్సిజన్ మరికాస్త లోపలికి చేరుతుంది. మరీ ఎక్కువ వేడిచేస్తే కథ అడ్డం తిరుగుతుంది. కణితిలోని నాసిరకం నాళాలు మూసుకుపోయి ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. అందుకే ఎంత వేడైతే అంత మంచిదన్న సూత్రం ఇక్కడ చెల్లదు. ఇంకొకటి కూడా కలిసొచ్చింది. డీఎన్‌ఏను నకలు తీసుకునే దశలో ఉన్న కణం రేడియేషన్‌కు బాగా మొండికేస్తుంది. ఆ దశలోనే వేడికి బాగా మెత్తబడుతుందని 1971లో తేలింది. ఒకదాని చేతికి చిక్కనిది రెండోదానికి చిక్కుతోంది. వైద్యంలో ఇంత చక్కటి జత అరుదు.

వేడితో కణితిని తగ్గించాలన్న ఆలోచన రేడియేషన్ కంటే పాతది. 1866లో జర్మనీలోని బాన్ నగరంలో విల్‌హెల్మ్ బుష్ అనే సర్జన్, ముఖం మీద కణితి ఉన్న ఒకామెకు ఎరిసిపెలాస్ అనే చర్మ వ్యాధి, దానితో గట్టి జ్వరం వచ్చి, కణితి కరిగిపోవడం చూసి రాసిపెట్టాడు. 1890లలో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ రోగులకు కావాలనే బ్యాక్టీరియా ఎక్కించి, తర్వాత చంపిన బ్యాక్టీరియా ఎక్కించి జ్వరాలు తెప్పించాడు. వాళ్లకు మేలు చేసింది జ్వరమా, మేల్కొన్న రోగనిరోధక శక్తా అంటే ఇవాళ ఎక్కువమంది రెండోదానివైపే మొగ్గుతారు. నాకు నచ్చినవాడు మాత్రం స్టాక్‌హోమ్ డాక్టరు ఫ్రాన్స్ వెస్టర్‌మార్క్. 1898లో ఆయన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపల లోహపు చుట్ట పెట్టి, అందులో 42 నుంచి 44 డిగ్రీల నీళ్లు పారించాడు. జ్వరం ఎంత వస్తే అంత అని ఊరుకోలేదు. డిగ్రీలు చూసి పెట్టాడు. ఆ ఏడాది చివర్లోనే పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియం కనుక్కున్నారు. ఇక వేడి ఊసు వెనకబడింది. అదే స్టాక్‌హోమ్ కొన్నాళ్లకు అదే క్యాన్సర్‌కు రేడియం చికిత్స పద్ధతితో ప్రపంచ ప్రసిద్ధమైంది. మేం పాఠాల్లో చదివిన స్టాక్‌హోమ్ పద్ధతి అదే. వెస్టర్‌మార్క్ పేరు మా పాఠాల్లో లేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీల ఎండ కాస్తుంటే, మిరపకల్లంలో పనిచేసే మనిషి ఒంట్లో ఉష్ణోగ్రత 37 దగ్గరే ఉంటుంది. చెమట, రక్తప్రవాహం కలిసి వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తాయి. దేవుడు మనకిచ్చిన ఈ రక్షణే హైపర్‌థెర్మియా యంత్రానికి శత్రువు. ఒక చోట వేడి పెట్టగానే అక్కడి మామూలు కండలో రక్తం కొన్ని రెట్లు జోరెత్తి ఆ వేడిని పట్టుకుపోతుంది. కణితి నాళాలు వంకరటింకరగా ఉండి అంత జోరు అందుకోలేవు, అందుకని అక్కడ వేడి నిలుస్తుంది. మనకు కలిసొచ్చేది అదే. కానీ ఒకే కణితిలో ఒక మూల రక్తం బాగా పారుతుంది, మరో మూల పారదు. ఒక మూల 43 ఉంటే, రెండు సెంటీమీటర్ల అవతల 40 ఉండొచ్చు.

ఆ యంత్రం ఎలా ఉంటుందో చెబుతాను. రొమ్ము తీసేశాక ఛాతీ మీద మళ్లీ లేచిన గడ్డల్లాంటి వాటికైతే మైక్రోవేవ్ యాంటెన్నాను చర్మం మీద ఆనిస్తారు. మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు దాకా అది చాలు. పొత్తికడుపు లోపలి కణితికైతే రోగి చుట్టూ వెడల్పాటి ప్లాస్టిక్ వలయం ఉంటుంది, దాని చుట్టూ యాంటెన్నాలు. ఒంటికీ వలయానికీ మధ్య ఖాళీలో నీళ్ల తిత్తి. తరంగాలు ఒంట్లోకి సాఫీగా దిగడానికీ, పై చర్మం కాలకుండా చల్లగా ఉంచడానికీ ఆ నీళ్లు. ఎఫ్ఎం రేడియోకు అటూఇటూగా ఉండే 70 నుంచి 120 మెగాహెర్ట్జ్ తరంగాలు అన్ని వైపుల నుంచీ వచ్చి, లోపల ఒకచోట బలం పుంజుకునేలా వాటి వరుస సర్దుతారు. సన్నని గొట్టాల్లోంచి మూత్రాశయంలోకి, మలద్వారంలోకి, యోనిలోకి ఉష్ణోగ్రత కొలిచే తీగలు పంపుతారు. అరగంట వేడెక్కించడానికి, గంట నిలబెట్టడానికి. మత్తు ఇవ్వరు. "ఇక్కడ మండుతోంది" అని రోగి చెప్పే మాటే ఆ గదిలో అన్నిటికంటే నమ్మకమైన కొలత. ఆ మాట రాగానే తరంగాల బలం తగ్గించి, వాటి వరుస మార్చాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

ఇలాంటి యంత్రాలతోనే నెదర్లాండ్స్‌లో 1990 నుంచి 1996 దాకా పెద్ద పరీక్ష జరిగింది. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు చోట్ల ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లను చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రేడియేషన్ ఒక్కటే. రెండో జట్టుకు దానితోపాటు వారానికోసారి వేడి. ఫలితాలు 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న 114 మందిలో తేడా అందరినీ ఆశ్చర్యపరిచింది. కణితి పూర్తిగా మాయమైనవాళ్లు రేడియేషన్ ఒక్కటే అయితే 57 శాతం, వేడి కలిస్తే 83 శాతం. మూడేళ్లకు బతికున్నవాళ్లు 27 శాతం ఒకవైపు, 51 శాతం మరోవైపు. పన్నెండేళ్ల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. మిగతా రెండు చోట్ల అంత లాభం నిలబడలేదు.

విమర్శలూ వచ్చాయి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల ఫలితాలు అంత తక్కువగా ఎందుకున్నాయన్నది మొదటి ప్రశ్న. సబబైన ప్రశ్నే. పైగా 1999లోనే, రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మందు కలిపితే ఈ క్యాన్సర్‌లో బతికేవాళ్లు పెరుగుతారని తేలింది. ఒక సెలైన్ సీసా, ఒక మందు. ఏ జిల్లా కేంద్రంలోనైనా ఇవ్వొచ్చు. కోట్ల రూపాయల యంత్రం, రాగి రేకు తొడిగిన గది, గంటన్నర సేపు కదలకుండా కాపలా కాసే సిబ్బందితో పోలిస్తే ఆసుపత్రి దేన్ని ఎంచుకుంటుందో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో 110 మందితో జరిగిన పరీక్షలో, 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఇదే క్యాన్సర్‌కు వేడి వల్ల లాభమేమీ కనబడలేదు. కణితి అసలు సరిగ్గా వేడెక్కిందా అన్న వాదన వెంటనే లేచింది.

నాకు ఈ వాదన సాకుగా కనిపించదు. కారణం ఉంది. వేడి మోతాదుకు కూడా ఒక లెక్క ఉంది. 1984లో అమెరికాలో సపరెటో, డ్యూయీ అనే ఇద్దరు దాన్ని సూత్రంగా పెట్టారు. అన్నిటినీ 43 డిగ్రీల దగ్గరి నిమిషాల్లోకి మార్చుకోవాలి. 43 దగ్గర గంటసేపు పెడితే వచ్చే ఫలితం, 44 అయితే అరగంటలోనే వస్తుంది. 42 అయితే నాలుగు గంటలు పడుతుంది. 41 అయితే పదహారు గంటలు. అంటే ఒక్క డిగ్రీ తక్కువైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇందాక చెప్పిన 5 శాతం నియమం గుర్తుందిగా! రేడియేషన్‌లో ఐదు శాతం తేడా వస్తే మేం రాత్రి నిద్రపోం. ఇక్కడ ఒకే కణితిలో, ఒకే గంటలో, నాలుగు రెట్లు, పదహారు రెట్లు తేడాలు. ఇది రేడియేషన్ పదును పెంచడాన్ని కాకుండా కణాలను చంపడాన్ని బట్టి కట్టిన లెక్క కాబట్టి 41 డిగ్రీలు వృథా అనుకోకూడదు, మరమ్మతు ఆపడానికి అది చాలు. అయినా ఏ మూల ఎంత వేడెక్కిందో తెలియకుండా "వేడి పనిచేయలేదు" అని రాస్తే, మందు మింగాడో లేదో చూడకుండా మందు పనిచేయలేదన్నట్టే.

అమెరికాలో అదే జరిగింది. చర్మానికి దగ్గరి కణితుల మీద అక్కడ జరిగిన పెద్ద పరీక్ష 1991లో నిరాశపరిచింది. కానీ 3 సెంటీమీటర్లలోపు చిన్న గడ్డల్లో లాభం కనిపించింది, ఎందుకంటే సరిగ్గా వేడెక్కినవి అవే. ఉత్సాహం చల్లారి చాలా చోట్ల యంత్రాలు మూలపడ్డాయి. నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు మాత్రం పట్టు వదల్లేదు. ముందు ప్రతి రోగికీ ఒకసారి వేడిపెట్టి, కణితి నిజంగా వేడెక్కుతుందో లేదో కొలిచారు. వేడెక్కినవాళ్లనే, 109 మందిని, పరీక్షలోకి తీసుకున్నారు. 2005లో వచ్చిన ఫలితం: కణితి పూర్తిగా పోయినవాళ్లు రేడియేషన్‌తో 42 శాతం, వేడి కలిస్తే 66 శాతం. అంతకుముందే ఒకసారి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో తేడా ఇంకా ఎక్కువ, 24 శాతానికి 68 శాతం. ఇలాంటివాళ్లకు రెండోసారి పెద్ద మోతాదు ఇవ్వలేం, ఒళ్లు తట్టుకోదు. తక్కువ మోతాదుకు పదును పెట్టే సాధనం అవసరం వాళ్లకే ఎక్కువ. నన్నడిగితే వేడి చికిత్సకు అసలైన చోటు ఇదే.

వారానికి ఒకటి రెండుసార్లే ఎందుకు, రోజూ పెట్టకూడదా అంటే, కణం నేర్చుకుంటుంది. 1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోసా, పండ్ల ఈగల పిల్లపురుగులు పొరపాటున వేడికి గురైతే వాటి క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు లేవడం చూశాడు. వేడికి చెడిన ప్రొటీన్లను నిలబెట్టే సహాయక ప్రొటీన్లు తయారయ్యే చోట్లవి. ఒకసారి అవి పోగుపడ్డాక రెండు మూడు రోజుల దాకా కణం వేడిని ఓర్చుకుంటుంది. మర్నాడే మళ్లీ పెట్టిన వేడి సగం దండగ. ఇక రేడియేషన్‌కీ వేడికీ మధ్య ఎన్ని నిమిషాలుండాలన్న దాని మీద నెదర్లాండ్స్‌లోనే ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లదొక మాట, రోటర్‌డామ్ వాళ్లదొక మాట. దగ్గరగా ఉంటేనే మేలని ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు, నాలుగు గంటల్లోపు ఎప్పుడైనా ఫర్వాలేదని రోటర్‌డామ్ వాళ్లు.

ఈ శాస్త్రం ఇలా డిగ్రీ డిగ్రీకీ కుస్తీ పడుతుంటే, మన ఫోన్లలో వేడి కొబ్బరినీళ్లు తాగితే క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయన్న మెసేజ్ తిరుగుతూనే ఉంది. 2019లో దాన్ని ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పెద్ద డాక్టరు పేరుతో తిప్పారు, అది అబద్ధమని ఆ ఆసుపత్రే చెప్పింది. నేనూ లెక్క కట్టి చూశాను. 60 డిగ్రీల వేడి నీళ్లు ఒక గ్లాసు తాగితే, అరవై కిలోల మనిషి ఒళ్లంతా కలిపి వేడెక్కేది డిగ్రీలో పదో వంతు కూడా లేదు. అదీ కాసేపట్లో చెమటకు పోతుంది. వేడినీళ్ల సంచి, ఆవిరి స్నానం, ఎండలో కూర్చోవడం, ఏవీ కణితి లోపలికి చేరవు. రేడియేషన్ వల్ల కమిలిన చర్మం మీద వేడి కాపడం పెట్టడం మరీ ప్రమాదం. కడుపులో క్యాన్సర్ ఆపరేషన్ చేశాక వేడి కీమో మందుతో కడిగే పద్ధతి మన పెద్ద నగరాల్లో ఉంది. అది వేరు, దీనితో కలిపి చూడకండి.

మన దేశంలో సరైన హైపర్‌థెర్మియా యంత్రాలున్న ఆసుపత్రులు చాలా తక్కువ. ఎక్కడైనా ఈ చికిత్స చేస్తామంటే డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. కణితి ఉష్ణోగ్రత దేనితో, ఏ చోట కొలుస్తారు? ఎంతసేపు ఎన్ని డిగ్రీల దగ్గర నిలబెడతారు? రేడియేషన్‌కు ఎంత ముందు లేదా వెనక పెడతారు? మొదటి ప్రశ్నకు "మా మెషీనే చూసుకుంటుంది" అన్న జవాబు వస్తే లేచి వచ్చేయండి. వేడి ఒక్కదానితోనే నయం చేస్తామనేవాళ్ల గడప అసలు తొక్కొద్దు. అన్నిటికంటే ముఖ్యం, వేడి చికిత్స వెతుక్కుంటూ డాక్టరు రాసిన రేడియేషన్‌ను వాయిదా వేయకండి, మధ్యలో ఆపకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి ఇచ్చేదీ, లోపల పెట్టేదీ కలిపి రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల్లోపు పూర్తికావాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజూ కణితి అదుపులోకొచ్చే అవకాశం కొంత తగ్గిపోతుంది.